ప్రెస్సుకు పెట్టిన బొట్లు

నాకు బొట్లు పెట్టడం బాగా వచ్చు. గడపకు పసుపు రాసి కుంకుమ పెట్టే పని మా ఇంట్లో పదేళ్ళ వయసు నుంచీ నాదే. కొలబద్ద పెట్టి చూసినా ఒక బొట్టుకూ ఇంకో బొట్టుకూ మధ్య ఎడం తేడా రాదు. అందుకే కంపెనీలో చేరిన మొదటి ఏడే ఆయుధపూజ గంధం గిన్నె నా చేతికి వచ్చింది, ఏడేళ్ళు నా చేతిలోనే ఉంది. ఇప్పుడు ఎవరైనా గంధం గిన్నె తెచ్చి నా ముందు పెడితే లేచి అవతలికి పోతాను. ఎందుకని అడిగితే తలనొప్పి అంటాను.

కోయంబత్తూరు నుంచి మేట్టుపాళయం పోయే రోడ్డు పక్కన ఉంటుంది మా కంపెనీ. నీళ్ళ మోటార్ల లోపల వరసగా పేర్చే సన్నటి ఇనుప రేకులను కోసి ఇస్తాం. ముందు ఆఫీసు గది, వెనక షెడ్డు. ఆఫీసులో నలుగురం, షెడ్డులో ముప్పై మంది. హాజరు, సెలవు చీటీలు, ఇన్‌స్పెక్టర్లు అడిగే కాగితాలు, ఎవరికీ అక్కర్లేని తాళంచెవులు, ఇవన్నీ నా బల్ల మీదికే వస్తాయి.

షెడ్డులో మూడో ప్రెస్సు మీద ఒక అక్క పనిచేసేది. నాకన్నా పన్నెండేళ్ళు పెద్ద. మదురై వైపు వాడిపట్టి దగ్గర పల్లె నుంచి పెళ్ళయి ఇటు వచ్చింది. వాళ్ళు క్రైస్తవులు, ఇంట్లో తెలుగు. మాదీ తెలుగే, మా తాతలు బజారులో కొట్టు పెట్టుకుని బతికినవాళ్ళు. మా అవ్వ బతికి ఉంటే ఆ అక్కను వాకిట్లోనే నిలబెట్టి మాట్లాడి పంపేది. ఆ సంగతి తలుచుకుంటే నాకు సిగ్గు. కంపెనీ మొత్తానికి తెలుగు మాట్లాడేది మేమిద్దరమే కాబట్టి మధ్యాహ్నం అన్నం డబ్బాలు ఒకచోటే విప్పేవాళ్ళం. నా తెలుగులో సగం తమిళమని ఆమె ఎగతాళి చేసేది, ఆమె తెలుగులో ముప్పావు తమిళమని నేను తిప్పికొట్టేదాన్ని. ఇక్కడి తీరున నన్ను ముద్దుగా అమ్మిణీ అని పిలిచేది.

ఆమె పని చూడాలంటే చేతులనే చూడాలి. ఎడమ చెయ్యి రేకు పెడుతుంది, కాలు పెడలు తొక్కుతుంది, పైనుంచి దిమ్మ దబ్బున దిగి లేస్తుంది, కుడి చెయ్యి కోసిన రేకు తీస్తుంది. దిమ్మ దిగేలోపల రెండు చేతులూ బయటికి రావాలి. పొద్దున ఎనిమిదింటి నుంచి సాయంత్రం దాకా అదే పని. ఆమె భర్త నడుము దెబ్బతిని ఇంట్లోనే ఉంటాడు. ఇద్దరు ఆడపిల్లలు చదువుకుంటున్నారు. ఇల్లంతా ఆ రెండు చేతుల మీదే నడిచేది, ఆ మాట ఆమే అనేది.

మూడో ప్రెస్సు కొత్తది. రేకులు కొనే పెద్ద కంపెనీ వాళ్ళు వచ్చి చూసి పట్టుబట్టడంతో మా ఓనర్ దానికి సెన్సర్ పెట్టించాడు. దిమ్మకు అటూ ఇటూ రెండు నల్లటి కడ్డీలు, వాటిలో కింది నుంచి పై దాకా మిరియం గింజలంత గాజు కళ్ళు. ఈ కడ్డీ నుంచి ఆ కడ్డీకి మన కంటికి ఆనని వెలుగు పోతుందట. ఆ నడుమ చెయ్యి గాని, కొంగు గాని, ఏది అడ్డం వచ్చినా ఎర్ర దీపం వెలిగి దిమ్మ ఉన్నచోటే ఆగిపోతుంది.

“ఇది మా అత్త మాదిరి, అమ్మిణీ,” అనేది అక్క. “చెయ్యి రవ్వంత కదిలితే చాలు, చూసేస్తాది.”

ఆ ఏడు ఆయుధపూజకు రెండు రోజుల ముందు నుంచే షెడ్డు కడిగాం. కిరసనాయిలులో ముంచిన గుడ్డతో ప్రెస్సులు తుడిచాం. గుమ్మానికి అరటి పిలకలు కట్టారు, మైకు సెట్టు వాడు వచ్చి పాటలు మొదలుపెట్టాడు. ప్రెస్సుల కరెంటు మెయిన్ ఆపేశారు, ఎందుకంటే పూజ నాడు యంత్రం తిరగకూడదు. నేను గంధం గిన్నె పట్టుకుని బయల్దేరాను. ఓనర్ కారుకు, తక్కెడకు, కంప్యూటర్లకు, గేటుకు, తాళాలకు బొట్లు పెట్టి మూడో ప్రెస్సు దగ్గరికి వచ్చాను. అక్క కుంకుమ భరిణె పట్టుకుని పక్కనే నిలబడింది.

ఆ నల్ల కడ్డీలు చూడగానే నా చెయ్యి ఊరుకోలేదు. గాజు కళ్ళు సమానమైన ఎడంతో వరసగా ఉన్నాయి. బొట్లు ఎక్కడ పెట్టాలో ఎవరో ముందే గుర్తులు పెట్టి ఉంచినట్టు అనిపించింది. ఒక్కో కంటి మీద ఒక్కో గంధపు బొట్టు దట్టంగా అద్ది, నడుమ కుంకుమ పెట్టాను. రెండు కడ్డీలూ నిండేదాకా వదల్లేదు. అవి వెలుగు చూసే కళ్ళని నాకు తెలియక కాదు. తెలుసు. ఆ పూట ఆ సంగతి నా బుర్రలో లేదు, బొట్లు ఎంత వరసగా వచ్చాయన్నదే ఉంది.

“అబ్బా, మా ప్రెస్సుకు పెండ్లి కళ వచ్చేసినాది,” అంది అక్క. ఫోను తీసి ఫోటో కూడా పట్టుకుంది.

మర్నాడు విజయదశమి. మా వైపు ఆ రోజు పొద్దున నల్ల నేరం చూసుకుని, అంటే మంచి గడియలో, ఎవరి యంత్రాన్ని వాళ్ళు ఒక్కసారైనా తిప్పాలి. ఒక్క రేకైనా కొయ్యాలి. కొయ్యకపోతే ఏడాదంతా ఆ యంత్రానికి పని సాగదంటారు. మంచి గడియ తొమ్మిదింటి వరకే ఉంది. ఓనర్, పట్టుచీరలో వాళ్ళ అమ్మగారు, మేమందరం షెడ్డులో నిలబడ్డాం. మొదటి ప్రెస్సు రేకు కోసింది, చప్పట్లు కొట్టాం. రెండోది కోసింది. మూడోదాని పెడలు మీద అక్క కాలు పెట్టి తొక్కింది. దిమ్మ కదల్లేదు. ఎర్ర దీపం వెలిగింది.

ఆమె మళ్ళీ తొక్కింది. మళ్ళీ ఎర్ర దీపమే. ఎనిమిదీ యాభై అయింది.

సూపర్‌వైజర్ ముందుకు వచ్చి వంగి చూసి నా వైపు తిరిగాడు. ఆయన తమిళుడు, మెత్తగా మాట్లాడే మనిషి. “కళ్ళన్నీ మూసేశావు కదమ్మా,” అన్నాడు తమిళంలో. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. అక్క భుజం మీది తువాలు తీసి తుడవబోయింది.

“ఆగు!” అన్నారు ఓనర్ అమ్మగారు. “పండగ పూట బొట్టు తుడుస్తారా ఎవరైనా? అదేమన్నా ముండమోసిందా?”

తువాలు గాలిలోనే ఆగింది. ఆ ఒక్క మాటతో మూడో ప్రెస్సు ముత్తైదువ అయి కూర్చుంది. పెట్టిన బొట్టు దానంతట అది రాలాలి గాని మనం తుడవకూడదని మా ఇళ్ళలోనూ అంటారు. “అవునక్కా, తుడవొద్దు,” అన్నది నేనే. ఆ మాట నా నోటి నుంచి వచ్చింది, దాచుకోను.

అప్పుడు సూపర్‌వైజర్ కడ్డీ పక్కనున్న పెట్టెలో ఒక చిన్న తాళంచెవి పెట్టి తిప్పాడు. మరమ్మతు చేసేటప్పుడు సెన్సర్‌ను ఆపడానికి పెట్టిన తాళం అది. తిప్పితే కళ్ళు ఉన్నా లేనట్టే. “ఒక్క రేకుకే కదా,” అన్నాడు. ఎర్ర దీపం ఆరింది. అక్క శిలువ గుర్తు వేసుకుని పెడలు తొక్కింది. దిమ్మ దబ్బున దిగింది, రేకు కోసుకుంది, అందరం చప్పట్లు కొట్టాం. బొరుగులు, పుట్నాలు, బెల్లం పంచాం. సూపర్‌వైజర్ తాళంచెవి తీసి నా అరచేతిలో పెట్టాడు.

“డ్రాయరులో ఉంచమ్మా. ఎలక్ట్రీషియన్ రాగానే సరిచేయిద్దాం.”

ఎలక్ట్రీషియన్ పండక్కి సొంతూరు తిరుమంగళం పోయాడు. అయిదో రోజు వచ్చి ప్రెస్సు దగ్గర ఏదో పెట్టె తెరిచి మూశాడు. అది వేరే పని, ఫ్యాను వైరు. కానీ అక్క చూసి సెన్సర్ బాగుచేసేశారని అనుకుంది. “అత్త మళ్ళా లేచి కూర్చున్నాదా?” అని నన్ను అడిగింది. నేను అన్నం కలుపుతూ తల ఊపాను. ఎందుకు ఊపానో ఇప్పటికీ నాకు అర్థం కాదు. ఆ తాళంచెవి నా డ్రాయరులో స్టేప్లర్ పక్కన ఉంది. పిన్నుల కోసం తెరిచినప్పుడల్లా కనిపించేది.

సూపర్‌వైజర్‌కు గుర్తుచేశాను. దీపావళికి పంపాల్సిన సరుకు లోడు పోనీ అన్నాడు. ఆయనకు అసలు కారణం ఇంకొకటి ఉందని నాకు తెలుసు. సెన్సర్ ఉన్నప్పుడు రేకు మూల అడ్డం వచ్చినా ప్రెస్సు ఆగేది, మళ్ళీ మొదలుపెట్టాలి. ఇప్పుడు ఆగడం లేదు. మూడో ప్రెస్సు దగ్గర రేకుల గుట్ట మధ్యాహ్నానికే నిండిపోతోంది. ఆయన ఆ గుట్ట ముందు నిలబడి అక్కను మెచ్చుకునేవాడు, ఆమె మురిసిపోయి ఇంకా జోరుగా కొట్టేది.

దీపావళికి ముందు రోజు ఆఫీసులో స్వీట్లు పంచుతున్నారు. అందరూ కొత్త బట్టల్లో వచ్చారు. నేను తాళంచెవి గుప్పిట్లో పట్టుకుని సూపర్‌వైజర్ దగ్గరికి పోయాను. “సార్, ఇది...” అన్నానో లేదో, ఆయన నా గుప్పిట చూసి నవ్వాడు. “పండగ పూట అపశకునం మాటలు ఎందుకమ్మా? ఏమన్నా జరిగిందా ఇప్పుడు?” అని మైసూర్‌పాకు ముక్క చేతిలో పెట్టాడు. అది తిని, తాళంచెవి మళ్ళీ డ్రాయరులో వేశాను.

నా కోపం ఆయన మీద కాదు, నా మీదే. మా ఇంట్లో నేను నోరున్న పిల్లనని పేరు. కూరగాయల వాడితో కొత్తిమీర కట్ట కోసం అరగంట తగాదా పెట్టుకుంటాను. అక్కడ మాత్రం తేలు కుట్టిన దొంగలా ఉండిపోయాను. తాళం సంగతి ఓనర్ దాకా తీసుకుపోతే, తాళం ఎందుకు తిప్పారని అడుగుతారు. బొట్లు ఎవరు పెట్టారని అడుగుతారు. అదీ నా భయం. దానికి పండగలూ తోడయ్యాయి. ఒక పండగ అయ్యిందంటే ఇంకో పండగ, ఏ రోజు చూసినా మంచి రోజే, మంచి రోజున చెడ్డ మాట అనకూడదు. గోటితో పోయేదాన్ని గొడ్డలి దాకా తెచ్చుకోవడమంటే ఏమిటో ఆ రెండు నెలల్లో రోజూ చూశాను. కార్తికం వచ్చేసరికి ఆ బొట్లు ఎండి, పొట్టు లేచి, వాటంతటవే రాలిపోయాయి కూడా. కళ్ళు శుభ్రంగా మెరుస్తున్నాయి. చూసినవాళ్ళెవరూ అవి పనిచేయడం లేదనుకోరు.

రాత్రిళ్ళు నిద్ర బాగానే పట్టేది. పొద్దున ఆఫీసులో కూర్చున్నప్పుడే ఇబ్బంది. గోడ అవతల మూడో ప్రెస్సు దబ్బు దబ్బుమని కొడుతుంటే తెలియకుండానే లెక్క పెట్టుకునేదాన్ని. నడుమ ఒక్క దెబ్బ ఆలస్యమైతే నా వేళ్ళు కీబోర్డు మీద ఆగిపోయేవి. మళ్ళీ దబ్బుమంటే ఊపిరి వదిలి టైపు చేసుకునేదాన్ని.

క్రిస్మస్ దగ్గరపడింది. ప్రతి ఏడూ అక్క కేకు చేసి తెచ్చి అందరికీ పంచేది. ఆ ఏడు మేమే ఆమెకు చేద్దామని ఆఫీసులో అనుకున్నాం. ఆ ఆలోచన నాదే. అడిగినా అడగకపోయినా ఆమెకు ఏదో ఒకటి ఇచ్చుకోవాలని నాకు తొందరగా ఉండేది. కేకు తెప్పించాం, రంగు కాగితాలు కట్టాం. షెడ్డులో మూడో ప్రెస్సుకు పైన, దూలానికి, సూపర్‌వైజర్ నిచ్చెన వేసుకుని కాగితపు నక్షత్రం వేలాడదీశాడు. లోపల ఎర్ర బల్బు పెట్టాడు. ఆ ఎరుపు కింద ఆమె చేతులు లోపలికి పోవడం, రావడం చూశాను.

ఇక ఆగకూడదనుకున్నాను. కేకు కోయడానికి పన్నెండు గంటలకు ముహూర్తం. పదకొండూ నలభైకి డ్రాయరు తెరిచి తాళంచెవి తీసుకుని షెడ్డులోకి పోయాను. ఆమె పక్కన నిలబడ్డాను. ఆమె తల తిప్పకుండానే నవ్వింది.

“ఏమి అమ్మిణీ, ఊరికే నిలబడుకోని ఉండావు?”

చెప్పాల్సింది ఒక్క ముక్క. ప్రెస్సు ఆపక్కా, సెన్సర్ పనిచెయ్యడం లేదు. అంతే. కొత్త చీర కట్టుకుంది, తలలో కనకాంబరాలు పెట్టుకుంది. ఆఫీసు గుమ్మంలో అందరూ కేకు దగ్గర మూగి మా వైపే చూస్తున్నారు. ఆమె నవ్వు ముఖం చూసి, ఈ ఒక్క గంటా పోనీ, కేకు కోసిన తరువాత చెబుదాం అనుకున్నాను. రేపన్నదానికి రూపు లేదని మా అవ్వ అనేది. నేను రేపు దాకా కూడా అడగలేదు, గంటే అడిగాను.

“ఒకటీ లేదక్కా,” అన్నాను. “సీక్రం రా. అందరూ నీకోసం కాచుకోని ఉండారు.”

“ఇంకా నాలుగు రేకులే. ముగించేసి వస్తా, నువ్వు పో.”

నేను ఆఫీసు వైపు నడిచాను. వెనక ఒక దెబ్బ వినిపించింది. రెండో దెబ్బ వినిపించింది. గుమ్మం దగ్గర ఎవరో కొవ్వొత్తి వెలిగిస్తున్నారు. మూడో దెబ్బ వినిపించింది. ఆమె నన్ను చూసి తొందరపడింది, త్వరగా రమ్మన్నది నేనే కదా. మూడో దెబ్బ తరువాత అరుపు రాలేదు. దిమ్మ లేచిన చప్పుడు వచ్చింది, ఆ తరువాత ఏ చప్పుడూ రాలేదు. నేను వెనక్కి తిరగడానికి భయపడి గుప్పిట్లో తాళంచెవి బిగించుకుని అక్కడే నిలబడిపోయాను. నన్ను తోసుకుంటూ అందరూ షెడ్డులోకి పరిగెత్తారు.

కుడి చేతివి మూడు వేళ్ళు పోయాయి.

ఆంబులెన్సు వెళ్ళిన పావుగంటకు సూపర్‌వైజర్ నా బల్ల దగ్గరికి వచ్చాడు. చొక్కా మీద మరకలున్నాయి. చెయ్యి చాచాడు. నేను తాళంచెవి ఇచ్చాను. ఆయన షెడ్డులోకి పోయి తిప్పి వచ్చాడు. మధ్యాహ్నం వచ్చిన ఇన్‌స్పెక్టర్ ఆ కడ్డీల నడుమ కర్ర పెట్టి చూస్తే ఎర్ర దీపం వెలిగింది, దిమ్మ ఆగింది. సెన్సర్ బాగుందని రాసుకున్నాడు. అట్లాంటప్పుడు ప్రమాదం ఎట్లా జరిగిందని అడిగాడు. కాగితం రాసి పంపుతామన్నాడు ఓనర్.

సాయంత్రం సూపర్‌వైజర్ చెబుతుంటే నేను ఇంగ్లీషులో టైపు చేశాను. పని తొందరగా కావాలని ఆపరేటరే ఎవరికీ చెప్పకుండా సెన్సర్ ఆపుకుందని, తప్పు తనదేనని. చెబుతూ ఆయన రెండుసార్లు గొంతు సవరించుకున్నాడు. నా వేళ్ళు ఒక్క అక్షరం కూడా తప్పు కొట్టలేదు. కేకు బల్ల మీద అట్లాగే ఉంది, చీమలు పట్టాయి.

మూడో రోజు ఆ కాగితం, ఇంకు ప్యాడు ఇచ్చి నన్నే ఆస్పత్రికి పంపారు. “మీది ఒకే భాష, నీ మాట వింటుంది,” అన్నాడు సూపర్‌వైజర్. అక్క మంచం మీద పడుకుని ఉంది. కుడి చెయ్యి మోచేతి దాకా కట్టు. పెద్ద కూతురు ఫ్లాస్కు కడగడానికి బయటికి పోయింది. నన్ను చూసి అక్క ముందుగా అడిగింది కేకు సంగతి. అందరూ తిన్నారా అని. తిన్నామని చెప్పాను.

“ఇందులో ఏమి రాసినారు, అమ్మిణీ?”

“జరిగింది రాసినారక్కా.”

“టైపు కొట్టినది నువ్వా?”

“నేనే.”

“అట్లయితే సరి,” అంది.

ఆమె వేలిముద్ర మనిషి కాదు. హాజరు పట్టీలో రోజూ తమిళంలో పొడుగ్గా, కింద గీత గీసి మరీ సంతకం పెట్టేది. కట్టు వైపు ఒకసారి చూసుకుని, ఎడమ చెయ్యి నాకు ఇచ్చింది. నేను ఆ బొటనవేలు పట్టుకుని ప్యాడు మీద అద్ది, కాగితం మీద గట్టిగా నొక్కాను. అది వెచ్చగా ఉంది. తరువాత నా కొంగుతో ఇంకు తుడిచాను. “నీ చీర పాడవతాది,” అని ఆమె చెయ్యి వెనక్కి తీసుకుంది.

ఏడాది దాటింది. నేను ఇంకా అక్కడే పనిచేస్తున్నాను. అక్క ఇంట్లో ఉంటోంది, పెద్ద కూతురు చదువు ఆపి బట్టల కొట్టుకు పోతోంది. అక్కే సెన్సర్ ఆపుకుందని కంపెనీలో కొత్తవాళ్ళు చెప్పుకుంటుంటే వింటాను. రెండు ఆదివారాలకు ఒకసారి ఆమె ఇంటికి పోతాను. ఎడమ చేత్తో కాఫీ కలిపి ఇస్తుంది. నా అంత నమ్మకమైన మనిషి కంపెనీలో ఇంకొకరు లేరని భర్తతో అంటుంది. ఆ కాఫీ తాగి వస్తాను.

తెలుగు మాట్లాడటమే గాని మా ఇళ్ళలో చదవడం ఎవరికీ రాదు, బడి తమిళంలో. నేను ముప్పై దాటాక ఫోనులో చూసి అక్షరాలు దిద్దుకున్నాను. ఇదంతా తెలుగులోనే ఎందుకు రాస్తున్నానని నన్ను నేను అడుగుతూనే ఉన్నాను. తమిళంలో రాస్తే ఆమె చదవగలదు. తెలుగులో రాస్తే ఎవరైనా చదివి వినిపించాలి, ఆ ఇంటికి పోయే మనుషుల్లో ఈ అక్షరాలు వచ్చినది నాకొక్కదానికే. ఈ ఆదివారం ఈ కాగితాలు తీసుకుపోతాను. ఇందులో ఏమి రాసినావు అమ్మిణీ అని ఆమె అడుగుతుంది. ఉన్నది ఉన్నట్టు చదువుతానని నా మీద నాకే నమ్మకం లేదు.